ముక్కలు కొట్టని కోడి

చికెన్ షాపుకు ఎప్పుడు వెళ్లినా రెండే ప్రశ్నలు. 'ఎంత కావాలి?' 'ముక్కలు చిన్నగానా, పెద్దగానా?' మొన్న శనివారం సాయంత్రం నేను 'ముక్కలే వద్దు, తోలు కూడా తియ్యొద్దు' అన్నాను. బుట్టలోంచి కోడిని తీస్తున్న చెయ్యి అట్లాగే ఆగిపోయింది. 'ఐతే పెంచుకుంటరా మేడమ్?' అన్నాడు. వెనక నిలబడ్డ వాళ్లందరూ నవ్వారు.

కోడి నాయన కోసం. దొంతన్‌పల్లిలో నాయన ఒక్కరే ఉంటారు. అమ్మ పోయి రెండేళ్లు. అప్పట్నుంచి ఆ ఇంట్లో కోడికూర ఉడకలేదు. నేనూ, చెల్లీ వండి పట్టుకెళ్తే ఒక ముద్ద తిని, 'మంచిగుంది బిడ్డా' అని గిన్నె పక్కకు జరుపుతారు. ఆ 'మంచిగుంది' వింటే మాకు భయం. అమ్మ కూరను ఆయన ఏనాడూ మెచ్చుకున్నది లేదు. ఉప్పు ఎక్కువైందనో, కారం చాలలేదనో వంక పెట్టేవారు. వంక పెడుతూనే మూడుసార్లు వేయించుకునేవారు.

మసాలా నూరడంలో అమ్మతో పోటీ పడలేం. అందుకే అమ్మ ఎన్నడూ చేయని వంట చేద్దామనిపించింది. నిమ్మకాయ, వెల్లుల్లి పెట్టి కాల్చిన నిండు కోడి.

ఈ వంటకు లోకంలో బాగా పేరు తెచ్చినావిడ మార్సెల్లా హజాన్. ఇటలీలో పుట్టి అమెరికాలో స్థిరపడి, అక్కడివాళ్లకు తన దేశపు వంట నేర్పారు. 2013లో కన్నుమూశారు. ఆవిడ పద్ధతిలో కోడి పొట్టలోకి పోయేవి రెండు నిమ్మకాయలు, అవీ ఫోర్కుతో చిల్లులు పొడిచినవి. పైన ఉప్పు, మిరియాలు. నూనె లేదు, వెన్న లేదు. తోలు కింది కొవ్వే కరిగి కోడిని కాలుస్తుంది. తోలు వద్దనకండి అని చెప్పేది అందుకే.

అయితే ఆ నిమ్మ వేరు, మన నిమ్మ వేరు. వాళ్లది పెద్దకాయ, మందపు తొక్క. మన కాగ్జీ నిమ్మది పల్చటి తొక్క, పులుపు ఘాటు. గంటసేపు వేడిలో ఉంటే చేదు దిగుతుంది. మొదటిసారి నేను పుస్తకంలో ఉన్నట్టే రెండు కాయలు పెట్టి ఇంటిల్లిపాదికీ చేదు తినిపించాను. ఇప్పుడు ఒకే నిమ్మకాయ, దానికి తోడు తొక్క, తెల్లపొర తీసేసిన అర బత్తాయి పెడుతున్నాను. నల్గొండ బత్తాయి అయితే మరీ మంచిది. దాని తీపి మాంసం రసంలో కలిసి పులుపును సర్దేస్తుంది. ఇంకో నిమ్మచెక్కను వడ్డించేటప్పుడు పైన పిండుకుంటే చాలు.

బతికున్నప్పుడు రెండు కిలోలుండే కోడి శుభ్రం చేశాక కిలోన్నరకు అటూ ఇటూగా తూగుతుంది. అంతకంటే పెద్దది వద్దు. బయట మాడుతుంది, లోపల ఉడకదు. పెరటి కోడి పెట్టకూడదా అని అడగొచ్చు. రాజేంద్రనగర్‌లోని కోళ్ల పరిశోధన సంస్థ నుంచి వచ్చిన వనరాజా, గ్రామప్రియ ఇప్పుడు ఊళ్లలో చాలా ఇళ్ల ముందు తిరుగుతున్నాయి. కానీ ముదిరిన కోడికి పులుసే న్యాయం. లేతదైతే తప్ప ఇట్లా కాల్చొద్దు.

కోడిని నల్లా ధార కింద పెట్టి కడక్కండి. తుంపరలు సింకు చుట్టూ పడతాయి, క్రిములు వాటితోనే పోతాయి. కడగకుండా మనసొప్పదంటే గిన్నెలో నీళ్లు పోసి మెల్లగా కడిగి, ఆ చోటంతా సబ్బుతో తుడవండి. తర్వాత బట్టతో తడి లేకుండా అద్ది, రెండు చిన్న చెంచాల ఉప్పు, కొంచెం మిరియాల పొడి లోపలా బయటా పట్టించి, రాత్రంతా ఫ్రిజ్‌లో అడుగు అరలో మూత లేకుండా ఉంచాలి. ఉప్పు లోపలికి పోతుంది, తోలు ఆరుతుంది. ఆరిన తోలే కరకరలాడేది. నిమ్మరసం మాత్రం రాత్రి పట్టించొద్దు. పులుపుకు పైమాంసం మెత్తబడి పిండిపిండిగా అవుతుంది.

వెల్లుల్లి సంగతీ అంతే. దంచి పైన పూస్తే మాడి చేదవుతుంది. గడ్డను పొట్టుతోనే అడ్డంగా రెండు చెక్కలు కోసి, ఒకటి పొట్టలో, ఒకటి కోడి పక్కన పెట్టాలి. కాలాక నొక్కితే పాయ వెన్నలా జారుతుంది. ఘాటు పోయి తీపెక్కి ఉంటుంది.

ఇంట్లో ఓటీజీ ఉంటే పని తేలిక. ముందే 200 డిగ్రీలకు వేడిచేసి, గంట నుంచి గంటా పావు కాల్చాలి.

ఆదివారం పొద్దున్నే ఐస్ పెట్టెలో కోడి, డిక్కీలో ఓటీజీ పెట్టుకుని బయల్దేరాం. మోకిల దాటి, విల్లాల బోర్డులన్నీ చదువుకుంటూ ఊరు చేరాం. తీరా చూస్తే మా ఓటీజీ ప్లగ్గు ఆ ఇంట్లో ఏ సాకెట్‌కూ పట్టదు. లావు పిన్నులు పట్టే సాకెట్ ఒక్కటే ఉంది, బాత్‌రూమ్‌లో గీజర్‌ది! ఓటీజీని ఒళ్లో పెట్టుకుని అరుగు మీద కూలబడ్డాను.

పక్కింటి పెద్దమ్మ వచ్చి చూసింది. 'బిర్యానీకి దమ్ము ఎట్ల పెడ్తరో మర్చిపోయినవా? గంజు తియ్' అంది.

నిజమే కదా. అడుగునా నిప్పు, మూత మీదా నిప్పు ఉంటే అదే ఓవెన్. అడుగు మందంగా ఉన్న గంజులో ఉల్లిగడ్డలు, ఆలుగడ్డలు చక్రాలుగా పరిచి, వాటి మీద కోడిని కూర్చోబెట్టాం. మూత పెట్టి, అంచుల చుట్టూ గోధుమపిండి ముద్ద అద్దింది పెద్దమ్మ. కింద సన్నగా, మీద దండిగా బొగ్గులు. రెండుసార్లు బొగ్గులు మార్చాం. ముప్పావు గంట తర్వాత పిండి ఊడదీసి చూస్తే మాంసం ఉడుకుతోంది కానీ తోలు తెల్లగానే ఉంది. ఊరిన నీళ్లు కాసిని తోడేసి, ఆవిరి పోయేలా మూతను కొంచెం ఎడంగా పెట్టి, కింది నిప్పు తీసి మొత్తం పైకెక్కించాం. ఇంకో అరగంటకు రంగు తిరిగింది. ఓవెన్‌లో కాల్చినంత కరకర రాలేదు, ఉన్నమాట చెప్పాలి.

ఉడికిందో లేదో రంగు చూసి నమ్మొద్దు. తొడ దగ్గర, ఎముకకు తగలకుండా థర్మామీటర్ గుచ్చితే 74 డిగ్రీలు చూపించాలి. అది లేకపోతే తొడ కీలు దగ్గర కత్తి గుచ్చండి. ఎర్రటి రసం వస్తే మళ్లీ మూత పెట్టాల్సిందే. 2025 ఫిబ్రవరిలో పశ్చిమ గోదావరి జిల్లాలో బర్డ్‌ఫ్లూ బయటపడినప్పుడు మనమందరం పదేపదే విన్నదీ ఇదే, బాగా ఉడికించి తినండి అని. నిండు కోడికి ఆ జాగ్రత్త ఇంకా ఎక్కువ కావాలి. దించిన వెంటనే కోయొద్దు. పావుగంట ఆగితే రసం మాంసంలోనే నిలుస్తుంది.

పళ్లెంలో కోడిని చూసి నాయన కళ్లద్దాలు సర్దుకున్నారు. 'ఏందిది, తోలుతోనే తెచ్చినవ్?' అన్నారు. అడుగున ఊరిన రసంలో జొన్నరొట్టె ముంచి తిన్నారు. వెల్లుల్లి పాయ ఒకటి రొట్టె మీద నొక్కి చూశారు. చెల్లి నా మోకాలు గిల్లింది. ఇద్దరం తలలు వంచుకుని తింటున్నాం.

'కారం లేదు. రెండు పచ్చిమిరపకాయలు పెడితే పోయేది గద లోపల' అన్నారు.

అని, పళ్లెం ముందుకు జరిపారు. కాలు వేశాను. కాసేపటికి రెక్క కూడా అడిగారు.

చేతులు కడుక్కుని నేను మిగిలినదంతా ఒక కవర్‌లోకి ఎత్తుతుంటే ఆపారు. 'బొక్కలు పారెయ్యకు. రేపు చారు పెట్టుకుంట' అన్నారు. నీళ్లు ఎన్ని పొయ్యాలో, మిరియాలు ఎప్పుడు వెయ్యాలో పెద్దమ్మను అడుగుతూ వంటింట్లోకి వెళ్లారు.