లారీ వెనక అర నిమిషం

పరీక్షకో ఇంటర్వ్యూకో హైదరాబాద్ బయల్దేరే పిల్లలకు మన దిక్కు ఇంట్లో చెప్పే చివరి మాట ఒకటే: ‘పైలం బిడ్డా’. ఆత్మకూర్ నుంచి కొత్తకోట దాకా వచ్చి 44వ నంబరు జాతీయ రహదారి ఎక్కినంక ఆ మాటకు అర్థం మారిపోతుంది. ఊరి రోడ్డు మీద పైలం అంటే గుంతలు, బర్రెలు, మూల మీద ఎదురొచ్చే ట్రాక్టర్లు. నాలుగు లేన్ల రోడ్డు మీద పైలం అంటే లారీ. అదీ ఎదురొచ్చే లారీ కాదు. మన ముందు పోతూ, ఇంకో లారీని తీరిగ్గా దాటుతున్న లారీ.

ఈ దారిలో తిరిగే వాళ్లందరికీ అది తెలిసిన దృశ్యమే. ఎడమ లేన్‌లో సిమెంటు లారీ, కుడి లేన్‌లో బండల లారీ. రెండూ పక్కపక్కనే, దాదాపు ఒకే వేగంతో. ఇది ముందుకు పోదు, అది వెనక్కి తగ్గదు. వెనకాల పది కార్లు, ఆర్టీసీ బస్సు, నాలుగు బైకులు. హారన్లు, డిప్పర్లు, తిట్లు. ఆ బైకుల్లో ఒకటి ఆగలేక ఎడమ పక్క మట్టిలోకి దిగి, లారీకీ రోడ్డు అంచుకూ మధ్య సందులోంచి దూరుతుంది. ఈ వ్యాసం ఆ బైకు నడిపే వాళ్ల కోసమే.

లెక్క చేసి చూద్దాం

లెక్కల పుస్తకంలో రైళ్లు దాటుకునే లెక్కలాంటిదే ఇది. ఒక లారీ గంటకు 60 కిలోమీటర్ల వేగంతో పోతున్నది. దాన్ని దాటే లారీ వేగం 63 అనుకుందాం. ఒక్కొక్కటి 12 మీటర్ల పొడవు. దాటడానికి ముందు 20 మీటర్లు, దాటిన తర్వాత 20 మీటర్లు ఎడం ఉండాలి. అంటే రెండో లారీ మొదటి దానికన్నా 64 మీటర్లు ఎక్కువ పోవాలి. వేగంలో తేడా గంటకు మూడు కిలోమీటర్లే, సెకనుకు మీటరు కూడా కాదు. కాబట్టి దాటడానికి సుమారు 77 సెకన్లు పడుతుంది. అప్పటికి ఆ లారీ 1,300 మీటర్లకు పైగా పోయి ఉంటుంది. ‘కిలోమీటరు నుంచి దారి ఇస్తలేడు’ అని మనం అనేది అబద్ధమేమీ కాదు.

ఇప్పుడు మన నష్టం చూద్దాం. వంద వేగంతో పోగలిగే కారు ఆ 1,300 మీటర్ల పైచిలుకు దూరాన్ని 48 సెకన్లలో దాటేది. లారీ వెనక 77 సెకన్లు పట్టింది. పోయింది 29 సెకన్లు. 80 వేగంతో పోయే బైకుకైతే పోయేది 16 సెకన్లే. కొత్తకోట నుంచి శంషాబాద్ లోపు ఇలాంటి జోడీలు పది సార్లు అడ్డం వచ్చినా కారుకు ఐదు నిమిషాలు, బైకుకు మూడు నిమిషాలు పోతాయి. రాయికల్ టోల్‌గేటు దగ్గర టీ తాగడానికి ఆగితే అంతకన్నా ఎక్కువే పోతుంది.

అంటే మనకు కోపం తెప్పించేది పోయిన సమయం కాదు. ‘వాడు నన్ను ఆపుతున్నాడు’ అనే భావన. ప్రాణాల మీదికి తెచ్చేది కూడా అదే.

లారీ ఎందుకట్ల పోతది?

మొండితనం కొంత ఉంది, కాదనలేం. కానీ అదొక్కటే కాదు. కేంద్రం 2018లో ఖరారు చేసిన గరిష్ఠ వేగాల ప్రకారం డివైడర్ ఉన్న నాలుగు లేన్ల రోడ్డు మీద కారుకు 100, బస్సుకు 90, సరుకు లారీకి 80, బైకుకు 80. చాలా లారీలకు 80 దాటనివ్వని స్పీడ్ గవర్నర్ కూడా ఉంటుంది. అదే ఏడాది లారీలు మోయగల బరువును కూడా కేంద్రం 20 నుంచి 25 శాతం దాకా పెంచింది. నిండు లోడుతో ఉన్న 12 టైర్ల బండి ఒక్కసారి వేగం తగ్గించుకుంటే మళ్లీ అందుకోవడానికి చాలా దూరం పడుతుంది, డీజిల్ కాలుతుంది. అందుకే ముందున్న లారీ కాస్త మెల్లగా కనబడగానే బ్రేకు వేయడానికి మనసొప్పక డ్రైవర్ కుడికి తీస్తాడు. ఎత్తు రాగానే ఆ మూడు కిలోమీటర్ల తేడా కూడా పోతుంది.

ఇంకో కారణం మనమే. ఎడమ లేన్‌లో ఏముంటుందో గుర్తు చేసుకోండి. దాబా ముందు ఆపిన లారీలు, యూటర్న్ దాకా పోవడానికి బద్ధకించి రాంగ్ రూట్‌లో వచ్చే బైకులు, మనుషుల్ని ఎక్కించుకునే ఆటోలు, రాత్రిపూట వెనక లైటు లేని ట్రాక్టర్ ట్రాలీలు, గొర్ల మందలు, కోతల కాలంలో ఆరబోసిన వడ్లు. ముప్పై టన్నుల బండిని అక్కడ నడపడం కన్నా కుడి లేన్‌లో ఉండిపోవడమే నయమని డ్రైవర్‌కు అలవాటైంది. ఆ అలవాటు తప్పే. కానీ ఎడమ లేన్‌ను మనం ఖాళీగా ఉంచకుండా లారీని ఎడమకు పొమ్మనడం ఎట్ల కుదురుతుంది?

సందులోంచి పోతే ఏమైతది

లారీలో డ్రైవర్ సీటు కుడివైపు, మనిషి ఎత్తు కన్నా పైన ఉంటుంది. క్యాబిన్‌కు ఎడమ పక్కన, ముందు టైరు దగ్గర ఉన్న బైకు అతనికి కనబడదు. దాటడం అయిపోగానే లారీ చేసే పని ఎడమకు రావడం. మనం ఎడమ నుంచి దూరేది కూడా సరిగ్గా అప్పుడే. ఇద్దరూ తమకు న్యాయమనిపించిన పనే చేస్తుంటారు, ప్రమాదం మాత్రం జరిగిపోతుంది.

లారీకి అంటుకుని పోవడం కూడా అంతే. ముందు ఏముందో కనబడదు. అది గట్టిగా బ్రేకు వేస్తే మనకు ఆగే జాగా ఉండదు. 80 వేగంలో బైకు సెకనుకు 22 మీటర్లు పోతుంది. మూడు సెకన్ల ఎడం అంటే 66 మీటర్లు. ‘అంత జాగా ఇస్తే ఇంకొకడు దూరుతడు’ అంటారు. దూరనీయండి. అతని వల్ల మనకు పోయేది ఇంకో రెండు మూడు సెకన్లు.

కేంద్ర రవాణా శాఖ లెక్కల ప్రకారం 2022లో దేశంలో రోడ్డు ప్రమాదాల్లో 1,68,491 మంది చనిపోయారు. అందులో మూడింట రెండు వంతుల మంది 18 నుంచి 45 ఏళ్ల లోపు వాళ్లే. 44 శాతం మంది టూవీలర్ల మీద పోయిన వాళ్లు. దేశంలోని రోడ్ల పొడవులో జాతీయ రహదారులు రెండు శాతం చుట్టూ ఉంటే, మరణాల్లో 36 శాతం వాటి మీదే.

ఓవర్‌టేక్ ఎంత పని చేస్తుందో మన ప్రాంతానికి ఎవరూ చెప్పనక్కర లేదు. 2013 అక్టోబరు 30న తెల్లవారుజామున కొత్తకోట మండలం పాలెం దగ్గర, బెంగళూరు నుంచి హైదరాబాద్ పోతున్న ప్రైవేటు వోల్వో బస్సు ముందున్న కారును దాటే క్రమంలో కల్వర్టు గోడను గుద్దుకుని తగలబడింది. 45 మంది చనిపోయారు. అందులో లారీ లేదు. కానీ ముందు బండిని ఇప్పుడే దాటాలా, కాసేపు ఆగాలా అన్న ప్రశ్న అక్కడా ఇక్కడా ఒకటే.

గేటు దగ్గరి నిమిషం

మనవాళ్లకు తొందర ఊరికే రాలేదు. ‘నిమిషం ఆలస్యమైనా అనుమతించం’ అనే మాట వింటూ పెరిగిన తరం ఇది. ఏడాది చదువు గేటు దగ్గర ఒక్క నిమిషంలో పోతుందన్న భయం ఉన్నప్పుడు లారీ వెనక అర నిమిషం కూడా అరగంటలా అనిపిస్తుంది. అందుకే చెప్పేది: గేటు దగ్గర కావలసిన నిమిషాన్ని రోడ్డు మీద సంపాదించలేం, ఇంటి దగ్గరే సంపాదించాలి. సెంటరు దూరమైతే ముందు రోజే పోయి చుట్టాలింట్లోనో స్నేహితుని రూములోనో ఉండాలి. వీలు కాకపోతే గంట ముందు బయల్దేరాలి, బైకు కన్నా బస్సు మేలు. పరీక్ష మళ్లీ వస్తుంది.

బైకు తప్పనిసరైతే నాలుగు సంగతులు. లారీ అద్దంలో డ్రైవర్ ముఖం మీకు కనబడకపోతే మీరూ అతనికి కనబడరు. రెండు లారీల మధ్యకు, ఎడమ సందులోకి ఎప్పుడూ పోవద్దు. దాటాలనుకుంటే ముందు రోడ్డు పూర్తిగా కనబడినప్పుడు, ఇండికేటర్ వేసి, కుడి నుంచి ఒక్కసారిగా దాటేయాలి, పక్కనే పోతూ ఉండొద్దు. మిమ్మల్ని ఎవరైనా దాటుతుంటే వేగం పెంచొద్దు. ఇది మర్యాద ఒక్కటే కాదు, 2017 నాటి డ్రైవింగ్ నిబంధనల్లో ఉన్న మాట.

నియమాలు మనకేనా?

కాదు. మెల్లగా పోయే బండి ఎడమ లేన్‌లో ఉండాలన్నది లారీకీ వర్తిస్తుంది. డ్రైవింగ్ నిబంధనలు ఉల్లంఘిస్తే మోటారు వాహనాల చట్టంలోని 177ఏ సెక్షన్ కింద 500 నుంచి 1,000 రూపాయల దాకా జరిమానా ఉంది. అయినా వేగానికి కెమెరా ఉంటుంది కానీ కుడి లేన్‌లో ఉండిపోయినందుకు చలానా పడడం అరుదు.

ఈ బాధ మన ఒక్కరిదే కాదు. జర్మనీలో ఇలాంటి లారీల దాటుడుకు ‘ఏనుగుల పరుగు పందెం’ అని పేరు పెట్టారు. అక్కడి హామ్ నగర కోర్టు 2008లో ఒక కొలత చెప్పింది: దాటడం 45 సెకన్లలో అయిపోవాలి, వేగంలో పది కిలోమీటర్ల తేడా ఉండాలి. మన లెక్కలో ఆ పది తేడా పెట్టి చూడండి, 77 సెకన్ల పని 23 సెకన్లలో అయిపోతుంది. పక్క లారీ కాస్త తగ్గి, దాటే లారీ 63 మీదే ఉండి, తేడా ఎనిమిదికి వచ్చినా 29 సెకన్లే. ఎడమ లేన్ డ్రైవర్ కాలు కొంచెం తీస్తే చాలు, వెనకున్న వాళ్లందరికీ దారి దొరుకుతుంది. టోల్‌గేట్ల దగ్గర పెద్ద అక్షరాలతో రాయించాల్సిన మాట ఇది.

రహదారుల సంస్థ చేయాల్సినవీ ఉన్నాయి. లారీలు ఆగడానికి రోడ్డు పక్కన వేరే జాగా, ఊర్ల దగ్గర తెంపు లేని సర్వీస్ రోడ్లు, యూటర్న్ దూరమై రాంగ్ రూట్ తప్పని చోట్ల అండర్‌పాస్‌లు. రోడ్డు మీద ఆగిపోయిన లారీ కనబడితే 1033కు ఫోన్ చేయండి, జాతీయ రహదారుల హెల్ప్‌లైన్ అది.

స్టీరింగ్ దగ్గరున్న మనిషి

ఈ పేజీ చదివే వాళ్లలో రేపు ఆ సీట్లో కూర్చునే వాళ్లూ ఉంటారు. 20 ఏళ్లు నిండి, లైట్ మోటార్ వెహికల్ లైసెన్సు తీసుకుని ఏడాది అయితే హెవీ లైసెన్సు వైపు పోవచ్చు. చట్టం రోజుకు ఎనిమిది గంటల పని అంటుంది, 1961 నుంచీ అంటూనే ఉంది. రోడ్డు మీద అది ఎంత అమలవుతుందో దాబాల ముందు కునికే డ్రైవర్లను చూస్తే తెలుస్తుంది. 2025 అక్టోబరు నుంచి తయారయ్యే పెద్ద లారీలకు ఏసీ క్యాబిన్ తప్పనిసరి అయింది. మంచిదే. మిగతా లారీలు మాత్రం మే నెల ఎండలో ఇంజిన్ వేడి పక్కనే నడవాలి.

ఇదంతా లారీ డ్రైవర్ మీద జాలి పడమని చెప్పడం కాదు. పద్నాలుగు గంటలుగా స్టీరింగ్ పట్టుకున్న మనిషి మన హారన్ విని చురుగ్గా, సరిగ్గా స్పందిస్తాడని ప్రాణం పణంగా పెట్టొద్దని చెప్పడం. అతనికి మనం కనబడతామని, అతను ఆగుతాడని, జాగా ఇస్తాడని అనుకోకుండా నడపడమే ఆ రోడ్డు మీద పైలం.

ముందు రెండు లారీలు పక్కపక్కన కనబడితే యాక్సిలేటర్ కొద్దిగా వదలండి, ఎడం పెంచండి, ముప్పై దాకా లెక్కపెట్టండి. మనకు పోయేది అంతే.