పత్తిపువ్వులో మన ప్రాజెక్టు

ఎంపీసీ వాళ్లం కాబట్టి పువ్వు సంగతి పదో తరగతితోనే వదిలేశాం. బొమ్మ గీసి, కేసరాలు, అండాశయం గుర్తిస్తే మార్కులు పడేవి. అంతే. ఆ బొమ్మ చుట్టూ ఎంత కూలిపని ఉందో మనకెవరూ చెప్పలేదు.

జంతువుల్లో వ్యవహారం కాస్త తేలిక. వీర్యకణాలు ఆబోతులో, అండాలు ఆవులో తయారవుతాయి. రెండూ వేరువేరు ఒళ్లు. అందుకే మేలుజాతి ఆబోతు వీర్యాన్ని ద్రవ నైట్రోజన్‌లో మైనస్ 196 డిగ్రీల దగ్గర దాచి, ఊళ్లో పశువుల ఆసుపత్రిలో ఆవుకి సూది వేయగలుగుతున్నాం.

పత్తి అలా కాదు. ఆడా మగా ఒకే పువ్వులో. పరాగకోశంలో ఒక్కో తల్లికణం క్షయకరణ విభజన చెంది నాలుగు పుప్పొడి రేణువులవుతుంది. రేణువు కీలాగ్రం మీద పడి, గొట్టంలా పెరిగి, పురుషబీజాల్ని అండం దాకా మోసుకెళ్తుంది. వదిలేస్తే పువ్వు చాలావరకు తన పుప్పొడితోనే కాయ కడుతుంది. హైబ్రిడ్ విత్తనం కావాలంటే సరిగ్గా అదే జరగకూడదు.

అందుకని సాయంత్రం పూట, రేపు విచ్చుకోబోయే ప్రతి మొగ్గనీ పట్టుకుని, గోటితో రేకులూ పరాగకోశాలూ ఒలిచేయాలి. లోపలి కీలానికి దెబ్బ తగలకూడదు. తెల్లారాక వేరే రకం పువ్వు తెచ్చి పుప్పొడి అద్దాలి. ఇదే క్రాసింగ్. 1970లో సూరత్‌ నుంచి హెచ్-4 అనే తొలి హైబ్రిడ్ పత్తి వచ్చినప్పటి నుంచీ ఈ పనికి ఆధారం మనిషి వేళ్లే. మన గద్వాల, కర్నూలు వైపు చేలల్లో ఆ వేళ్లు చాలాసార్లు బడి ఈడు ఆడపిల్లలవి.

"పిల్లల వేళ్లు సున్నితం" అంటారు. నాకైతే అది సాకు. పిల్లల కూలి చవక, అంతే. 2016 చట్ట సవరణ పద్నాలుగేళ్లలోపు వాళ్లని పనిలో పెట్టుకోకూడదంది. కానీ బడి అయ్యాక సొంత కుటుంబం పనిలో సాయపడొచ్చంది. మొగ్గలు ఒలిచేది కూడా బడి అయ్యాకే కదా!

పుప్పొడి సరిగా తయారుకాని మొక్కల్ని వాడే పద్ధతి ఉంది. దాంతో సాయంత్రం పని తప్పుతుంది గానీ పొద్దున అద్దే పని తప్పదు.

మనమేమో ఏటా అదే లైన్ ఫాలోవర్ రోబో చేస్తున్నాం. ఈ సమస్య ప్రాజెక్టుకి పనికిరాదా? యంత్రం వస్తే ఆడకూలీల పని పోతుందని మీరనొచ్చు. నిజమే, ఆ భయం నాకూ ఉంది. అందుకే మనిషిని తీసేసే యంత్రం వద్దు, ఆమె చేతిలో ఇమిడే పనిముట్టు చేద్దాం. పిల్లల్ని బడికి పంపడానికి మాత్రం ఏ యంత్రం కోసమూ ఆగక్కర్లేదు. పెద్దవాళ్లకి సరైన కూలి, రైతుకి విత్తనం మీద సరైన ధర ఇస్తే చాలావరకు సరిపోతుంది.

డిజైన్ సంగతి తర్వాత. ముందు ఒక సాయంత్రం వెళ్లి, వంద మొగ్గలు మన గోళ్లతో ఒలిచి చూద్దాం.