గటకను వెక్కిరించిన నోళ్లే...

శ్రీనగర్ కాలనీ రోడ్డు మీద అద్దాల దుకాణాలల్లకు ఒక్కసారి పోయి చూడుండ్రి. జొన్నపిండి ప్యాకెట్లు, పక్కన కొర్రలు, అండుకొర్రలు. ధర చూస్తే కండ్లు తిరుగుతయి. జూబ్లీహిల్స్ నుంచి కార్లేసుకొచ్చి కొనుక్కపోతున్నరు. సంతోషమే. కానీ ఒక సంగతి మరువొద్దు. జొన్నగటక తినేటోళ్లంటే ఇదే నగరంల చిన్నచూపు ఉండె. సినిమాలల్ల మన యాసనెట్ల నవ్వులాట చేసిండ్రో, మన తిండినీ అట్లనే చేసిండ్రు.

గటక మన ఇండ్లల్ల నుంచి ఎట్ల పోయింది? 1983ల కిలో రెండు రూపాయల బియ్యం వచ్చింది. పేదోని కడుపు నిండింది, కాదనలేం. అయితే చవుకగ దొరికేది బియ్యమే అయినంక జొన్న తినేటోళ్లు తగ్గిండ్రు, తినేటోళ్లు తగ్గితే ఏసేటోళ్లూ తగ్గిండ్రు. వాన మీద బతికే నేలల పత్తి వచ్చి కూసున్నది. లేదంటే అప్పు చేసి బోరు, బోరు కింద వరి. ఆ అప్పులు ఎక్కడిదాంక పోయినయో మనకు తెలువనిది కాదు.

అదే 1983ల జహీరాబాద్ పక్కన పస్తాపూర్‌ల దక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ పుట్టింది. ఆ సంఘాల దళిత మహిళలు పడావు భూములు బాగుచేసి, జొన్న, కంది, సామ, అనుము ఒక్క చేన్లనే కలిపి ఏసిండ్రు. 1990లల్ల ఊరిల పండిన జొన్ననే ఊరి రేషన్‌గ పంచుకున్నరు. సంక్రాంతికి విత్తనాలు ఎడ్లబండ్ల మీద పెట్టి ఊరూరా పాత పంటల జాతర తీసిండ్రు. 2019ల ఐక్యరాజ్యసమితి వాళ్ల ఈక్వేటర్ ప్రైజ్ వాళ్లను ఎతుక్కుంట వచ్చింది. బోరు లేదు, కాలువ లేదు. రేగడిల యాసంగి జొన్న నేల తేమ మీదనే పండుతది.

ఇది ఉత్త అభిమానం ముచ్చట కాదు. మన తార్నాకలున్న జాతీయ పోషకాహార సంస్థ 2017 పట్టికలు చూడుండ్రి. వంద గ్రాముల జొన్నల పీచు పది గ్రాములు, పాలిష్ బియ్యంల మూడుకు లోపే. ఇనుమైతే జొన్నల ఆరింతలు.

కాలం తిండి కూడ అంతే. ఎండకాలం చింతచిగురు, వినాయక చవితికి తుమ్మికూర, బతుకమ్మ నాటికి బాలానగర్ సీతాఫలం. సీతాఫలాన్ని నెలలకొద్ది కోల్డ్ స్టోరేజీల దాయలేరు, అందుకే దాని కాలంల అది దండిగ, అగ్గువకు దొరుకుతది. గంపల పెట్టుకొని వచ్చిన అక్క దగ్గర బేరమాడి, ఆపిల్‌కు మాత్రం అడిగినంత ఇచ్చేటోళ్లం మనమే. దగ్గర పండిందల్ల మంచిదని నేననను. మూసీ మురుగునీళ్ల మీద పెరిగిన ఆకుకూర కూడ దగ్గరిదే గద!

2025 ఉగాది నుంచి రేషన్‌ల మనిషికి ఆరు కిలోల సన్నబియ్యం ఇస్తున్నరు. అందుల ఒక్క కిలో జొన్న ఎందుకు కాకూడదు? ప్యాకెట్ కొనలేనోనికి రేషన్ షాపే దిక్కు. సర్కారు మన మెట్ట రైతు దగ్గర మద్దతు ధరకు కొని కార్డు మీద ఇయ్యాలె. ఉద్యోగులు తమ క్యాంటీన్లల్ల, విద్యార్థులు హాస్టల్ మెస్సులల్ల అడగాలె. వందలమందికి రొట్టెలు కొట్టుడు కష్టమంటరు, నిజమే. గటకకైతే ఒక్క పెద్ద గంజు చాలు. పక్కన పుంటికూర పప్పు పొయ్యిమనుండ్రి.