‘డాక్టర్‌ను అడిగి చెప్తాను’ అనడం నేర్పాలి

గుండె ఆపరేషన్ అయిన నాలుగో రోజు. ఉదయం వార్డులోకి తెల్లకోటు వేసుకున్న ఒక అమ్మాయి వచ్చి రోగి నాడి, బీపీ చూస్తుంది. కుట్లు పరిశీలిస్తుంది, రాత్రి నిద్ర పట్టిందా అని అడుగుతుంది. మంచం పక్కనున్న భార్య, “డాక్టరమ్మా, ఇంటికి ఎప్పుడు పంపిస్తారు?” అంటుంది. ఆ అమ్మాయి డాక్టర్ కాదు, ఫిజీషియన్ అసిస్టెంట్ విద్యార్థిని. “నేను డాక్టర్‌ని కాదండీ. సార్‌ని అడిగి చెప్తాను” అనాలి. చిన్న మాటలే, కానీ ఆ చదువులో అన్నిటికన్నా కష్టమైన పాఠం ఇదే.

డాక్టర్ పర్యవేక్షణలో రోగి వివరాలు సేకరించడం, పరీక్షించడం, ఆపరేషన్‌లో చేయందించడం, డిశ్చార్జి పత్రాలు సిద్ధం చేయడం ఫిజీషియన్ అసిస్టెంట్ల పని. ఈ వృత్తి 1965లో అమెరికాలోని డ్యూక్ విశ్వవిద్యాలయంలో మొదలైంది. నౌకాదళంలో వైద్య సహాయకులుగా పనిచేసిన నలుగురిని డాక్టర్ యూజీన్ స్టెడ్ తొలి విద్యార్థులుగా తీసుకున్నారు. మన దేశంలో 1992లో చెన్నైలోని మద్రాస్ మెడికల్ మిషన్‌లో హృద్రోగ శస్త్రవైద్యుడు కె.ఎం. చెరియన్ చొరవతో ఈ కోర్సు ప్రారంభమైంది. 2021 నాటి అనుబంధ ఆరోగ్య వృత్తుల జాతీయ కమిషన్ చట్టం ఈ వృత్తిని తన జాబితాలో చేర్చింది.

శరీర నిర్మాణం, మందుల ప్రభావం, ఈసీజీ చదవడం, కుట్లు వేయడం వంటివి విద్యార్థులు నేర్చుకుంటారు. వీటికి పరీక్షలున్నాయి, మార్కులున్నాయి. కానీ రోగి ప్రాణం చాలాసార్లు వేరే మూడు గుణాలపై ఆధారపడుతుంది. అవి శ్రద్ధగా వినడం, విన్నది సరిగ్గా చేరవేయడం, తన హద్దు తెలుసుకోవడం.

వినడాన్నే తీసుకుందాం. మన ఇళ్లలో ఛాతీలో ఏ ఇబ్బంది వచ్చినా ‘గ్యాస్’ అనేస్తారు. రోగి ఆ మాట అన్నాడని విద్యార్థి కేసు షీటులో ‘గ్యాస్’ అని రాసి ఊరుకుంటే ప్రమాదం. చెమటలు పట్టాయా, ఎడమ చేతికో దవడకో నొప్పి పాకిందా, నడిస్తే ఎక్కువవుతోందా అని అడగాలి. మధుమేహం ఉన్నవారిలో గుండెపోటు పెద్దగా నొప్పి లేకుండానే రావచ్చు. అందువల్ల ఆయాసం, నీరసం కూడా ముఖ్యమైన సమాచారమే.

విన్నదాన్ని చేరవేయడానికీ ఒక పద్ధతి ఉంది. ఇప్పుడేం జరుగుతోంది, రోగి నేపథ్యం ఏమిటి, పరిశీలనలో ఏం తేలింది, ఏం చేయాలి అన్న వరుసలో చెప్పడాన్ని ‘ఎస్‌బార్’ అంటారు. అర్ధరాత్రి ఫోన్ ఎత్తిన డాక్టర్‌కు “పేషెంట్ బాగాలేడు సార్” అన్న మాట సరిపోదు. బీపీ ఎంతకు పడిపోయింది, ఎప్పటి నుంచి, మీరు రావాలా అన్నది స్పష్టంగా చెప్పాలి.

ఇక హద్దు తెలుసుకోవడం. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2008లో రూపొందించిన శస్త్రచికిత్స భద్రతా జాబితాలో, కోత పెట్టేముందు బృందంలోని ప్రతి ఒక్కరూ తమ పేరు, బాధ్యత చెప్పుకోవడం ఒక అంశం. న్యూఢిల్లీ సహా ఎనిమిది నగరాల ఆసుపత్రుల్లో ఈ జాబితాను అమలు చేసి చూసినప్పుడు మరణాల రేటు 1.5 శాతం నుంచి 0.8 శాతానికి తగ్గింది. ఆ తగ్గుదల పేర్లు చెప్పుకోవడం ఒక్కదాని వల్ల వచ్చింది కాదు. అయినా ఎవరి పాత్ర ఏమిటో అందరికీ తెలియడం ఆ భద్రతలో భాగమే.

ఈ స్పష్టత లోపిస్తే ఏమవుతుందో బ్రిటన్ చూసింది. అక్కడ ‘ఫిజీషియన్ అసోసియేట్’లను రోగులు డాక్టర్లనుకున్న సందర్భాలు పెద్ద వివాదమయ్యాయి. 2025 జులైలో ప్రొఫెసర్ జిలియన్ లెంగ్ సమీక్ష, వారి పేరును ‘ఫిజీషియన్ అసిస్టెంట్’గా మార్చాలని, డాక్టర్లు కారని రోగులకు తెలిసేలా దుస్తులు, గుర్తింపు కార్డులు ఉండాలని సూచించింది. ఇంకా రోగ నిర్ధారణ కాని వారిని సాధారణంగా వీరు చూడకూడదంది. మన దగ్గర ఈ గందరగోళానికి ఆస్కారం మరీ ఎక్కువ. ఊళ్లో ఆర్‌ఎంపీ నుంచి పట్నంలో స్పెషలిస్టు దాకా సూది వేసే ప్రతివారినీ డాక్టరనే పిలుస్తాం.

ప్రతిదీ అడుగుతూ కూర్చుంటే ఇక సహాయకులెందుకు, డాక్టర్ల సమయం ఎలా మిగులుతుంది అని కొందరు ప్రశ్నిస్తారు. ప్రశ్న సబబే. కానీ తెలిసిన పనిని ధైర్యంగా చేయడానికీ, తెలియని చోట ఆగడానికీ మధ్య వైరుధ్యం లేదు. ఎక్కడ ఆగాలో తెలిసిన సహాయకుడికే డాక్టర్ నిశ్చింతగా పని అప్పగించగలడు.

అలాగని ఈ భారమంతా ఇరవై ఏళ్ల విద్యార్థి మీదే వేయడం న్యాయం కాదు. అనుమానం వచ్చి అడిగితే నలుగురి ముందూ కసురుకునే సీనియర్లున్న చోట ఏ విద్యార్థీ రెండోసారి అడగడు. అందుకే కళాశాలలు ప్రాక్టికల్ పరీక్షల్లో ఒక కొత్త సన్నివేశం పెట్టాలి. అందులో విద్యార్థి చికిత్స మొదలుపెట్టకుండా ఆగి, డాక్టర్‌ను పిలిస్తేనే పూర్తి మార్కులు రావాలి. మార్కులు ఉన్నదాన్నే విద్యార్థులు చదువుతారు. రేపు వార్డులో “డాక్టరమ్మా” అన్న పిలుపు విన్నప్పుడు, తానెవరో చెప్పడానికి ఆ అమ్మాయి తడబడకూడదు.