నా డిస్కు జారలేదండోయ్!

ముందే చెప్పేస్తున్నా, నేను డాక్టర్ని కాదు. రోజుకి పదిగంటలు కుర్చీలో కూర్చుని కోడు రాసుకునే మామూలు ఇంజినీర్ని. కానీ నడుంనొప్పి విషయంలో మన ఐటీ జనాల హడావుడి చూస్తుంటే ఒళ్ళు మండుతోంది. (మొన్నటిదాకా నేనూ వాళ్ళలో ఒకణ్ణే, ఆ కోపం కూడా ఉందనుకోండి.)

సంగతేంటంటే, గాజువాక నుంచి రుషికొండకి బండి మీద రానూపోనూ రెండుగంటల పైమాటే. పోయినేడాది ఓ రిలీజు ముందు వరసగా మూడువారాలు రాత్రి కాల్స్. ఒక సోమవారం పొద్దున్న షూ లేసు కట్టుకుందామని వంగితే నడుం పట్టేసింది. టీములో ఒకాయన "డిస్కు జారుంటుంది, ఎమ్మారై తీయించు బాస్" అన్నాడు. తీయించా. ఎల్4-ఎల్5 దగ్గర డిస్కు ఉబ్బిందని రిపోర్టు. అంతే! ఇరవయ్యెనిమిదేళ్ళకే నా పని అయిపోయిందనుకున్నా. బెల్టు కొన్నా. మూడువారాలు మంచం దిగలేదు. నొప్పి తగ్గలేదు సరికదా, వంగి చెంబు తీయాలన్నా భయం పట్టుకుంది.

మా వీధిలో పోర్టులో కళాసీగా చేసే మావయ్య ఒకాయన చూడ్డానికొచ్చాడు. "ఏట్రా అలా తొంగున్నావు? లెగు. తొంగుంటే మరీ బిగిసిపోద్ది" అన్నాడు. నాకు ఒళ్ళు మండింది. రిపోర్టు చదవని ఈయనేంటి నాకు చెప్పేది అని.

తర్వాత కూర్చుని (సారీ, పడుకుని) చదివితే తెలిసింది, ఆయన చెప్పిందే రైటని. నొప్పి అసలే లేనివాళ్ళ వెన్ను స్కానింగులన్నీ కలిపి చూసి, 2015లో బ్రింజిక్జీ అనే ఆయన బృందం లెక్క తేల్చింది. ఇరవయ్యేళ్ళవాళ్ళలో 30 శాతానికి, యాభయ్యేళ్ళవాళ్ళలో 60 శాతానికి డిస్కు ఉబ్బే ఉంది! లాగ్‌లో కనబడ్డ ప్రతి వార్నింగూ సర్వరు పడిపోడానికి కారణం కాదని మనకి ఆఫీసులో తెలుసు. స్కానింగు సెంటరుకెళ్ళగానే మర్చిపోతాం. ప్రపంచ ఆరోగ్య సంస్థ కూడా 2023 డిసెంబరులో, దీర్ఘకాలిక నడుంనొప్పికి వ్యాయామం చేయించండి, బెల్టులూ ట్రాక్షనూ మామూలుగా వాడొద్దు అంది. నా బెల్టు డబ్బులు ఎవరిస్తారు?

అలాగని స్కానింగులన్నీ దండగ అనట్లేదు. మూత్రం, విరేచనం మీద పట్టు తప్పినా, తొడల మధ్య మొద్దుబారినా ఆ పూటే ఆస్పత్రికి పరిగెత్తాలి. కాలు బలం తగ్గుతున్నా ఆలస్యం చెయ్యకూడదు. జ్వరం, బరువు తగ్గడం, ఎక్కణ్ణించో పడ్డం, ఇదివరకు క్యాన్సరు వచ్చి ఉండడం, వీటిల్లో ఏదున్నా డాక్టరుకి చెప్పాలి. మన దేశంలో వెన్నుకి క్షయ కూడా వస్తుంది. నేను తిడుతున్నది ఇవేవీ లేకుండా, నొప్పొచ్చిన మూడోరోజే స్కానింగు క్యూలో నిలబడే మనలాంటివాళ్ళని.

మావయ్యకి మాత్రం నొప్పి లేదా? ఉంది. ముప్పయ్యేళ్ళు మూటలు మోసిన నడుం అది. మగ కార్మికుడు 55 కిలోలకి మించి మొయ్యకూడదని అంతర్జాతీయ కార్మిక సంస్థ 1967లోనే సిఫార్సు చేసింది. ఆయన మోసిన మూటల్ని ఎవరు తూచారో మరి. ఒక్కరోజు మానేస్తే కూలి లేదు, వర్క్ ఫ్రమ్ హోమ్ అంతకన్నా లేదు. ఆయనకి తగ్గాల్సింది బరువు. మనకి తగ్గాల్సింది కదలకుండా కూర్చునే గంటలు.

ఇక్కడే మన కంపెనీల తెలివి చూడాలి. మధ్యాహ్నం నడుం ఆరోగ్యం మీద వెబినార్ పెడతారు, అదీ గంటసేపు కూర్చోబెట్టి! రాత్రి కాల్ మాత్రం తగ్గించరు. ఖరీదైన కుర్చీ కొంటే సరిపోతుందిట. ఎంత మంచి కుర్చీ అయినా మనల్ని లేపి నడిపించదు కదండీ.

నేను మొదట వీధి చివరిదాకా నడిచా. నొప్పి పెట్టింది, అయినా నడిచా. నెలకి బీచ్ రోడ్డుకొచ్చా. ఇప్పుడు రాత్రి తొమ్మిదింటి కాల్ డాబా మీద నడుస్తూ మాట్లాడతానని మేనేజరుకి చెప్పేశా. "మరి వీడియో ఆన్ చెయ్యాలి కదా?" అన్నాడు. చెయ్యనన్నా. అప్రైజల్ వచ్చే నెల్లో.