పాత తుపాకీకి కొత్త పూత దేనికి?

పాత వించెస్టర్ రైఫిల్ అమ్మేవాడి నోట మొదట వచ్చేది శాతం. తొంభై శాతం అసలు పూత నిలిచి ఉందంటాడు. ధర నడిచేది ఆ అంకె మీదే. అందుకే ఇనుము మీది నీలి పూత పోయినవాటికి మళ్లీ నీలం ఎక్కించి, ఫ్యాక్టరీదేనని అంటగట్టే బేరాలు పుట్టాయి. నేను టెక్సాస్‌లో లోహాల పని చేసుకుని బతుకుతున్నవాణ్ణి. గన్ షోలకు వెళ్తే శాతం అడగను, అరుగుదల చూస్తాను. కొనేవాళ్లంతా అలా చూస్తేనే ఈ మోసం ఆగుతుంది.

లివర్ ఆడించి తూటా మార్చే ఈ రైఫిళ్లలో ఒక్క 1873 మోడలే ఏడు లక్షలకు పైగా తయారైంది. వాడిన రైఫిల్ ఒక పద్ధతిలో అరుగుతుంది. చేత్తో పట్టుకుని నడిస్తే వేళ్లు పడేది రిసీవర్ (తూటా ఎక్కే ఇనుప భాగం) అడుగున. ముందు అక్కడే నీలం పోతుంది. జీనుకు కట్టిన తోలు ఒరలో రాసుకుని గొట్టం కొస తెల్లబడుతుంది. చెయ్యి తగలని మూలల్లో మాత్రం నీలం మిగులుతుంది. కర్రంతా అరిగి నున్నబడి ఉండగా, దాని పక్కనే ఇనుము నిగనిగలాడుతోందా? అనుమానించాల్సిందే.

అప్పుడు భూతద్దం తీయాలి. గొట్టం మీద కొట్టిన అక్షరాలు పలచబడ్డాయా? పలకల గొట్టం అంచులు మొద్దుబారాయా? స్క్రూ రంధ్రాల చుట్టూ లోహం పల్లంగా దిగిందా? తుప్పు తిన్న గుంటల అడుగున కూడా నీలం ఉందా? ఉంటే తుప్పు ముందు, పూత తర్వాత. కర్ర ఇనుము అంచుకన్నా దిగి ఉంటే ఎవరో గరుకు కాగితంతో రుద్దారు.

1886 మోడల్ రిసీవర్‌కు 1901 ప్రాంతం దాకా కేస్ హార్డెనింగే మామూలు. ఎముక బొగ్గులో కాల్చి నీళ్లలో ముంచితే నీలం, గోధుమ, బూడిద కలగలిసి వచ్చే రంగులవి. ఎండకూ చేతికీ వెలిసిపోతాయి. పక్కలు వెలిసిపోకుండా ఉండి, చెయ్యి పడని చోట వెలిసి ఉంటే లెక్క తప్పినట్టే. వయోమింగ్‌లోని కోడీ మ్యూజియం దగ్గర పాత వించెస్టర్ రికార్డులు చాలావరకు ఉన్నాయి. సీరియల్ నంబరును బట్టి రైఫిల్ ఏ రూపంలో ఫ్యాక్టరీ దాటిందో ఉత్తరం ఇస్తారు. అయితే ఆ తర్వాత ఎవరు రుద్దారో ఆ కాగితం చెప్పలేదు.

పూత జోలికి పోకపోవడమే మేలైన సందర్భమూ ఉంది. 2014లో నెవాడాలోని గ్రేట్ బేసిన్ నేషనల్ పార్క్‌లో జూనిపర్ చెట్టుకు ఆనించిన 1873 మోడల్ రైఫిల్ దొరికింది. తయారైంది 1882లో. కర్ర నెరిసి పగుళ్లు తేలింది, ఇనుము తుప్పెక్కింది. కోడీ మ్యూజియం వాళ్లు పెళుసుబారిన కర్ర రాలిపోకుండా చూసి, మిగతాది ఉన్నదున్నట్టు వదిలేశారు. నీలం ఎక్కించి ఉంటే చింతపండుతో తోమిన ఇత్తడి బిందెలా మెరిసేది. ఏళ్ల తరబడి ఎండకూ మంచుకూ నిలబడిందన్న ఆనవాలు మాత్రం చెరిగిపోయేది.

తుప్పు తినేస్తుంటే చూస్తూ ఊరుకోవాలా అంటారు కొందరు. అక్కర్లేదు. నూనె రాయండి, తుప్పు పెరగకుండా ఆపండి. పూత మార్చాలనిపిస్తే మీ సొత్తు, మీ ఇష్టం. అమ్మేటప్పుడు మాత్రం ఆ సంగతి రసీదులో రాయాలి. రాయనన్నవాడు ధర ఎంత తగ్గించినా ఆ బేరం వద్దు.