అమ్మ సీరియల్ చూస్తుంటే విసుక్కోకండి

రాత్రి ఏడున్నరకి ఫోన్ చేస్తే ‘సీరియల్ అయ్యాక మాట్లాడతా’ అని అమ్మ పెట్టేస్తోందా? ‘ఆ సాగదీతని ఎలా చూస్తావమ్మా’ అని విసుక్కునే ముందు, ఆ సాగదీతలో ఆమెకేం దొరుకుతోందో ఆలోచించండి.

‘కార్తీకదీపం’ 2017 అక్టోబరులో మొదలై 2023 జనవరి దాకా నడిచింది. భార్య మీద డాక్టర్ బాబుకి అనుమానం. ‘ఆ డీఎన్ఏ పరీక్షేదో చేయించుకోవచ్చుగా’ అని తిట్టుకుంటూనే జనం ఏళ్ల తరబడి చూశారు. 2024 మార్చిలో రెండో భాగం మొదలైతే దానికీ హాజరు వేయించుకున్నారు.

ఉత్కంఠే కారణమని చాలామంది అంటారు. కొంత నిజమే. సగంలో ఆపేసిన పనులే పూర్తయిన వాటికంటే బాగా గుర్తుంటాయని బ్లూమా జైగార్నిక్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త 1927లోనే రాశారు. ఎపిసోడ్ చివర తలుపు తెరుచుకోవడం, అందరి ముఖాల మీదికీ కెమెరా మూడేసి సార్లు వెళ్లడం ఊరికే కాదు. కానీ వారం రోజులు చూడకపోయినా కథ అక్కడే ఉంటుందని మీ అమ్మకి మీకంటే బాగా తెలుసు. అయినా చూస్తుందంటే, నా ఉద్దేశంలో అది మనుషుల కోసం. తెర మీది వాళ్లతో ప్రేక్షకులకి కలిగే ఈ ఒకవైపు చెలిమి గురించి హార్టన్, వోల్ అనే ఇద్దరు 1956లో ‘సైకియాట్రీ’ పత్రికలో రాశారు.

పిల్లలు బెంగళూరులోనో డాలస్‌లోనో ఉంటారు. ఇంట్లో కాలింగ్ బెల్ మోగితే పార్సిల్ అబ్బాయే. సీరియల్లో వంటలక్క మాత్రం చెప్పిన టైముకి వస్తుంది, ఏడుస్తుంది, రేపు మళ్లీ వస్తానంటుంది. (నాన్నగారూ చూస్తారు, పేపరు అడ్డం పెట్టుకుని.)

ఇబ్బంది లేదని కాదు. ఒకదాని వెంట ఒకటి మూడు సీరియల్స్ అయ్యేసరికి తొమ్మిదిన్నర. కూర్చున్న చోటు నుంచి లేవరు, భోజనం వెనక్కి జరుగుతుంది. కొన్ని రకాల షుగర్ మాత్రలు వేసుకుని తినడం ఆలస్యం చేస్తే షుగర్ ఒక్కసారిగా పడిపోవచ్చు. కాబట్టి మొదటి సీరియల్ కంటే ముందే భోజనం కానిచ్చేయమనండి. ప్రకటనలు వచ్చినప్పుడల్లా లేచి నాలుగడుగులు వేయమనండి, అవి ఎలాగూ బోలెడు వస్తాయి.

‘టీవీ తగ్గించండి’ అని డాక్టరు చెప్పడం సబబే. అయితే తగ్గించాక ఆ రెండు గంటలూ ఆవిడ ఎవరితో మాట్లాడాలో చీటీలో రాసివ్వడు కదా. అది ఇంట్లోవాళ్లు చూసుకోవాల్సిన సంగతి.

ఈసారి ఇంటికెళ్లినప్పుడు రిమోట్ లాక్కోకుండా పక్కన కూర్చోండి. ‘ఆ పచ్చచీర ఆవిడ ఎవరమ్మా, అంత కోపంగా ఉంది?’ అని అడగండి. పది నిమిషాలు కథ చెబుతుంది. తర్వాత పక్కింటివాళ్ల గొడవ, మోకాలి నొప్పి, మీరు కంగారుపడతారని చెప్పకుండా దాచిన బీపీ సంగతీ ఒక్కొక్కటిగా బయటికొస్తాయి.